రేసు మధ్యలో బండి దిగిన మనిషి



పోస్టు కొంచెం పెద్దదే. సంక్రాంతికి ఊరెళ్లే బస్సులో కూర్చుని తీరిగ్గా చదవండి.

జనవరి వచ్చిందంటే మా రూంలో ఒక మనిషి మాట వస్తుంది. ఆయన మన ఏజెన్సీ వాడు కాదు, మన దేశం వాడు కూడా కాదు. పోర్చుగల్ దేశంలో ఎస్పొసెండే ప్రాంతం నుంచి వచ్చిన మోటోక్రాస్ రేసర్. పేరు పావులో గొన్సాల్వెస్. 2020 జనవరి 12న సౌదీ అరేబియా ఎడారిలో డాకర్ ర్యాలీ నడుస్తుండగా బండి మీంచి పడి చనిపోయాడు. అప్పటికి ఆయన వయసు 40. మేము ఆయన్ని ఎప్పుడూ చూడలేదు. అయినా మాలో మేము మాట్లాడుకునేటప్పుడు పావులో అన్న అనే అంటాం.

మేము అంటే విశాఖలో ఒక హాస్టల్ రూంలో ఉండే నలుగురం. చింతపల్లి, పెదబయలు, హుకుంపేట, జి.మాడుగుల మండలాల వాళ్లం. నలుగురి ఇళ్లలోనూ కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. మాలో ఒకడికి బళ్ల పిచ్చి. రాత్రి అన్నాలు తిన్నాక వాడు ఫోన్లో డాకర్ వీడియోలు పెడితే, మిగతా ముగ్గురం అదే మంచం మీద ఇరుక్కుని చూసేవాళ్లం. మొదట్లో చూసింది బళ్ల కోసమే. ఇసుక దిబ్బల మీంచి ఎగరడం, రాళ్లలో జారడం, పడి లేవడం. మధ్యలో ఒక బండి మీద హీరో అని కనబడింది. మాకు భలే అనిపించింది. మా ఊళ్లలో మనుషుల్ని, పసుపు బస్తాల్ని, కాఫీ బస్తాల్ని మోసేవి ఎక్కువగా ఆ కంపెనీ బళ్లే కదా. మన కంపెనీ అక్కడిదాకా ఎలా వెళ్లిందా అని వెతుకుతుంటే పావులో అన్న దొరికాడు. ఆయన ఆఖరి డాకర్ నడిపింది ఆ హీరో టీం తరఫునే.

తెలియని వాళ్లకి రెండు ముక్కలు. మోటోక్రాస్ అంటే మట్టి ట్రాక్ మీద గుట్టలు, గుంతలు, మలుపులు పెట్టి బళ్లతో ఆడే రేసు. పావులో అన్న అక్కడే ఎదిగాడు. వాళ్ల దేశంలో మోటోక్రాస్, సూపర్‌క్రాస్, ఎండ్యూరో మూడింట్లోనూ జాతీయ టైటిళ్లు కొట్టాడు. తర్వాత ర్యాలీల్లోకి వచ్చాడు. ర్యాలీ అంటే ట్రాక్ ఉండదు. హ్యాండిల్ మీద ఉన్న రోడ్‌బుక్ చూసుకుంటూ, దారి వెతుక్కుంటూ, ఒంటరిగా వందల కిలోమీటర్లు పోవాలి. డాకర్‌లో దాదాపు రెండు వారాలు ఇదే పని. ఆయన మొదటి డాకర్ 2006లో. 2013లో క్రాస్ కంట్రీ ర్యాలీల ప్రపంచ చాంపియన్ అయ్యాడు. 2015 డాకర్‌లో రెండో స్థానం. డాకర్ మాత్రం ఎప్పుడూ గెలవలేదు. ఇంటిపేరుని బట్టి అందరూ 'స్పీడీ' అని పిలిచేవారు.

అంత స్పీడు మనిషిని మేము గుర్తుపెట్టుకుంది ఆయన ఆగిన రోజు వల్ల.

2016 జనవరి. అప్పట్లో డాకర్ దక్షిణ అమెరికాలో జరిగేది. అర్జెంటీనా నుంచి బొలీవియా కొండల మీదికి ఎక్కే ఐదో స్టేజి. పావులో అన్న హోండా బండి మీద ముందు వరుసలో ఉన్నాడు. ముందటేడు రెండో స్థానం వచ్చింది కాబట్టి ఇంకొక్క మెట్టే మిగిలింది. అలాంటప్పుడు దారిలో ఆస్ట్రియా రైడర్ మథియాస్ వాల్క్‌నర్ పడిపోయి ఉన్నాడు. తొడ ఎముక విరిగింది. అతనిది కేటీఎం టీం, అంటే హోండాకి గట్టి పోటీ. పావులో అన్న బండి ఆపాడు. దిగాడు. వైద్యం చేసేవాళ్లు వచ్చేదాకా అతని పక్కనే ఉన్నాడు. ఆ తర్వాతే మళ్లీ బండెక్కాడు.

ఇది చదివిన రోజు మా రూంలో పెద్ద వాదన అయింది. ఎందుకంటే డాకర్‌లో ఒక రూలుంది. పడినవాడి కోసం ఆగితే, ఆగినవాడికి పోయిన టైం లెక్కగట్టి తిరిగి ఇస్తారు. ఆరోజు ఆయనకీ ఇచ్చారు.

మాలో ఒకడు, "అయితే ఏటి గొప్ప? టైం తిరిగిస్తారని తెలిస్తే ఎవడైనా ఆగుతాడు" అన్నాడు.

బళ్ల పిచ్చోడు ఒప్పుకోలేదు. "ఒరే, తొడ విరిగి అరుస్తున్న మనిషి పక్కన కూర్చుని లేచాక, మళ్లీ అదే రాళ్లలో అదే స్పీడు మీద వెళ్లగలవా? టైం ఇస్తారు గానీ ధైర్యం తిరిగిస్తారా?" అన్నాడు.

మాకు ఆ మాట నిజమనిపించింది. పడిన మనిషిని దగ్గర నుంచి చూస్తే, తర్వాత పడేది నేనేనేమో అని ఎవరికైనా అనిపిస్తుంది. చూడకుండా పోతే ఆ భయం ఉండదు. అది తెలిసి కూడా దిగాడు చూడండి, దాన్నే మేము నిజాయితీ అంటున్నాం. అబద్ధం ఆడకపోవడం ఒక్కటే నిజాయితీ కాదు. పక్కోడు పడ్డాడని కంటికి కనబడ్డాక కనబడనట్టు పోకపోవడం కూడా నిజాయితీయే.

వాల్క్‌నర్ సంగతి కూడా చెప్పాలి. ఆ విరిగిన కాలు బాగయ్యాక మళ్లీ వచ్చాడు. 2018లో డాకర్ గెలిచాడు. పావులో అన్నకి దొరకని గెలుపు, ఆయన ఆగి కాపుకాసిన మనిషికి దొరికింది.

ఇక 2020. హీరో టీంలో పావులో అన్నతో పాటు ఆయన బావమరిది జోక్విమ్ రోడ్రిగ్స్, మన బెంగళూరు రైడర్ సి.ఎస్. సంతోష్ కూడా ఉన్నారు. అది అన్నకి 13వ డాకర్. మూడో స్టేజిలో ఇంజిన్ పోయింది. అక్కడితో గెలుపు ఆశ పోయినట్టే. వేరేవాళ్లయితే ఇంటికి పోదురు. ఆయన ఎడారిలో గంటల తరబడి టీం ట్రక్కు కోసం కూర్చున్నాడు. వచ్చాక ఇంజిన్ మార్చుకుని స్టేజి పూర్తి చేశాడు. పేరు కోసం కాదు, పతకం కోసం కాదు. మొదలెట్టిన పని ఒగ్గేయడం ఇష్టం లేక.

మూడు స్టేజిలు గడిచాయి. జనవరి 12, ఆదివారం, ఏడో స్టేజి. రియాద్ నుంచి వాదీ అద్ దవాసిర్ వెళ్లే దారి. 276వ కిలోమీటరు దగ్గర పడిపోయాడు. ముందుగా చూసింది ఆస్ట్రేలియా రైడర్ టోబీ ప్రైస్. ముందటేడు డాకర్ గెలిచినవాడు. కేటీఎం టీమే. ప్రైస్ ఆగాడు, సాయం కోసం కబురు చేశాడు. హెలికాప్టర్ వచ్చాక అన్నను దానిదాకా మోయడంలో చెయ్యి వేశాడు. ఆసుపత్రిలో చనిపోయాడని తేల్చారు. బావమరిది కూడా అదే దారిలో వెనకాల వస్తున్నాడు. ఆ సంగతి తలుచుకుంటే మాకు నోట మాట రాదు.

మర్నాడు బళ్లకి, క్వాడ్లకి స్టేజి రద్దు చేశారు. హీరో టీం ర్యాలీ నుంచి తప్పుకుంది. రోజూ ఒకరినొకరు ఓడించాలని చూసే మనుషులు ఆరోజు ఒక్కచోట నిలబడి ఏడ్చారు. పోటీలో ఉన్నవాళ్లు ఏడవడం అంటే మామూలు విషయం కాదు. మనిషి మంచివాడైతేనే అది జరుగుతుంది.

తర్వాతి ఏడాది, 2021లో, సంతోష్ అన్న అదే సౌదీలో నాలుగో స్టేజిలో ఘోరంగా పడ్డాడు. అప్పుడు బండి ఆపి అతని దగ్గరకు వెళ్లింది నెదర్లాండ్స్ రైడర్ పాల్ స్పీరింగ్స్. సంతోష్ అన్న బతికి బయటపడ్డాడు. 2016లో ఒకరు ఆగారు, 2020లో ఒకరు, 2021లో ఒకరు. ఆ రేసులో ఆగడం ఒక ఆనవాయితీ అన్నమాట. ఎవరి వంతు ఎప్పుడు వస్తుందో ఎవరికీ తెలియదు.

ఇప్పుడు అసలు చెప్పాలనుకున్న మాట.

మనమూ రేసులోనే ఉన్నాం. జీవో నంబర్ 3ని 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కొట్టేశాక ఏజెన్సీ టీచర్ పోస్టుల్లో మనకి ఏమైందో ఈ గ్రూపులో ఎవరికీ చెప్పక్కర్లేదు. పోస్టులు తక్కువ, రాసేవాళ్లు ఎక్కువ. అందుకే హాస్టళ్లలో ఒక మాట బాగా తిరుగుతోంది: "నీ చదువు నువ్వు చూసుకో, వెనక్కి చూడకు." చెప్పేవాళ్లు మన మేలు కోరే చెబుతారు. కానీ ఆ మాటే అందరూ పాటించి ఉంటే, ఈ పోస్టు రాయడానికి మేము నలుగురం ఉండేవాళ్లం కాదు, ముగ్గురమే.

మొదటి సంవత్సరం రెండో నెలలో మాలో ఒకడు పెట్టె సర్దేశాడు. క్లాసులో ఇంగ్లీషు తలకెక్కదు. అడుగుదామంటే నవ్వుతారని భయం. ఊర్లో నాన్న ఒక్కడే పోడు చూసుకుంటున్నాడు. "పోయి పని చేసుకుంటాను, చదువు మనవల్ల అయ్యేది కాదు" అన్నాడు. మేము ముగ్గురం ఏం చెప్పినా వినలేదు. చెప్పడానికి మాకూ ఏం తెలుసు గనక, మేమూ కొత్తే.

పక్క రూం సీనియర్ అన్న వచ్చాడు. అప్పుడు ఆయన డీఎస్సీకి రాత్రింబగళ్లు చదువుతున్నాడు. పుస్తకం మూసేసి మావాడి పెట్టె మీద కూర్చున్నాడు. లెక్చర్ ఇవ్వలేదు. "తిన్నావేటి?" అని అడిగాడు. తినలేదంటే మెస్‌కి తీసుకెళ్లాడు. ఆ రాత్రి నుంచి నెల పైన, రోజూ రెండు గంటలు మావాడి పాఠాలు ఆయనే కూర్చుని తెలుగులో విడమర్చి చెప్పాడు. స్కాలర్‌షిప్ అప్లికేషన్‌లో పేరు తప్పు పడితే ఒకరోజు పొద్దున్నుంచి సాయంత్రందాకా వెంట తిరిగి సరిచేయించాడు. మావాడు ఉండిపోయాడు. ఇప్పుడు మూడో సంవత్సరం. క్లాసులో లేచి డౌట్ అడుగుతాడు.

సీనియర్ అన్నకి ఆ డీఎస్సీలో ఉద్యోగం రాలేదు. కొద్దిలో పోయింది. ఆ రెండు గంటల వల్లే పోయిందని మేము అనలేం, కాదనీ అనలేం. డాకర్‌లో అయితే పోయిన టైం లెక్కగట్టి ఇస్తారు. మన రేసులో ఇచ్చేవాళ్లు లేరు. ఇది దాచకుండా చెప్పాలి. ఆగితే అంతా మంచే జరుగుతుందని తమ్ముళ్లకి చెబితే అది అబద్ధం అవుతుంది.

మేము ఒకసారి అన్నని అడిగాం, "మావాడి కోసం అంత టైం పెట్టినందుకు బాధ లేదా" అని. "వాడు వెళ్లిపోయుంటే ఆ రెండు గంటలు నేను చదువుకుందునా? వాడి గురించి ఆలోచిస్తూ కూర్చుందును" అన్నాడు. మళ్లీ పుస్తకం తీశాడు. ఇప్పటికీ చదువుతూనే ఉన్నాడు. ఇప్పుడు ఆయన నోట్స్ ఫెయిర్ చేసేది, ప్రాక్టీస్ పేపర్లు జిరాక్స్ తీయించి తెచ్చేది మావాడే. టైం తిరిగి ఇచ్చే ఆఫీసు లేదు కాబట్టి ఆ పని మనలో మనమే చేసుకోవాలి.

రోడ్డు గురించి కూడా ఒక మాట. పండక్కి అందరం బళ్లేసుకుని ఘాట్ ఎక్కుతాం. ముగ్గురేసి ఎక్కుతాం, హెల్మెట్ ట్యాంకు మీద పెడతాం. ప్రపంచ చాంపియనే పడ్డాడు, మనమెంత? హెల్మెట్ తలకి పెట్టండి. దారిలో ఎవరైనా పడి కనబడితే ఆగండి. 108కి చేయండి. సిగ్నల్ లేకపోతే ఒకరు ఉండండి, ఒకరు సిగ్నల్ దొరికే మలుపుదాకా వెళ్లండి. కేసులో ఇరుక్కుంటామని భయపడి చాలామంది ఆగరు. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించి 134ఎ సెక్షన్ చేర్చారు. మంచి మనసుతో సాయం చేసినవాడి మీద, ఆ సాయంలో ఏదైనా పొరపాటు జరిగినా, కేసు పెట్టడానికి లేదు. పేరు, అడ్రసు చెప్పి తీరాలని బలవంతం చేయడానికీ లేదు. మన పెద్దలు డోలీ కట్టి కొండలు దింపినప్పుడు ఏ సెక్షనూ చూసుకోలేదు. నలుగురు భుజాలు మార్చుకుంటూ మోశారు, అంతే. ఆ గుణం మనకి కొత్తగా నేర్పక్కర్లేదు. పట్నం వచ్చాక పోకుండా చూసుకుంటే చాలు.

వచ్చే జూన్‌లో ప్రతి హాస్టల్‌కీ కొత్త బ్యాచ్ వస్తుంది. వాళ్లలో ఎవరో ఒకరు రెండో నెలలో పెట్టె సర్దుతారు. వాళ్లు ఎవరికీ చెప్పరు. మెస్‌కి రావడం మానేస్తారు, ఫోన్ పట్టుకుని డాబా మీద ఒక్కరే కూర్చుంటారు. మేము మా హాస్టల్లో ఒకటి అనుకున్నాం: మేము నలుగురం తలా ఒక ఫస్టియర్ తమ్ముడిని చూసుకోవాలని. వారానికి రెండు సాయంత్రాలు, పరీక్షలున్నా సరే. మీ హాస్టల్లో మీకు ఎలా కుదిరితే అలా అనుకోండి. అక్కలు కూడా అమ్మాయిల హాస్టళ్లలో మొదలెడితే ఆ వివరాలు ఇక్కడ పెట్టండి, మేమూ నేర్చుకుంటాం.

పావులో అన్నకి జోహార్. పెట్టె మీద కూర్చుని "తిన్నావేటి" అని అడిగిన మా సీనియర్ అన్నకి ఈసారి డీఎస్సీ రావాలని మీరందరూ కోరుకోండి.

జై ఆదివాసీ.