ప్లగ్గు తెల్లబడింది

ఈరోజు పంట సంగతి కాదు, బండి సంగతి.

1996లో మిరప డబ్బులతో కొన్న బుల్లెట్టుకి మావాడు పోయిన నెల శబ్దమొచ్చే సైలెన్సరు బిగించుకొచ్చాడు. మర్నాటి నుంచీ యాక్సిలేటర్ వదిలితే చాలు, టపటపా పేలుడు. పాల క్యాన్లతో నాలుగు కిలోమీటర్లు పోయేసరికి ఇంజను సెగ కాళ్లకి కొడుతోంది. ప్లగ్గు విప్పితే సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది. ఇటుక రంగులో ఉండాలది. పొగ సులువుగా పోయేసరికి ఇంజను గాలి ఎక్కువ లాగుతోంది, పెట్రోలు మాత్రం పాత కొలతే. ఇట్లాగే తిప్పితే ఎప్పుడో పిస్టన్ పట్టేస్తుంది.

మెకానిక్ గాలి స్క్రూ అరచుట్టు బిగించి అయిపోయిందన్నాడు. అది బండి నిలబడి ఆడేటప్పటికే, బరువు లాగేటప్పుడు కాదు. ఇంటి దగ్గర నేనూ మావాడూ కార్బురేటర్ విప్పాం. సూది క్లిప్పు ఒక గాడి కిందికి దించాం, సూది పైకి లేచి పెట్రోలు ఎక్కువ వదుల్తుంది. మెయిన్ జెట్ ఒక సైజు పెద్దది వేశాం. వాడు నా పక్కన కూర్చుని పని పట్టుకుని నాలుగేళ్లయింది, అందుకే తిట్టలేదు.

ప్లగ్గు రంగు తిరిగింది. మైలేజీ తగ్గింది, గేదెలు ఇంకా బెదురుతున్నాయి. పాత సైలెన్సరు అటక మీదుంది. పాత జెట్టు కూడా డబ్బాలో దాచాను, మారిస్తే రెండూ కలిపే మార్చాలి.