కర్నూలు నుండి కడపకు: మోటారు తలుపుల ముచ్చట

రాయలసీమలో చలి యనునది చుట్టపుచూపుగా వచ్చి పోవునదే గాని కాపురముండునది కాదు. పుష్యమాసమున తెల్లవారుజామున కంబళి కప్పుకొనుట, పొయ్యి యొద్ద చేతులు కాచుకొనుట, ఇంతవఱకే మన మెఱిగిన చలి. ఎండ మాట అట్లు కాదు. వేసవిలో కర్నూలునందును కడపయందును 40 డిగ్రీలు దాటుట నిత్యకృత్యము. 44, 45 డిగ్రీలు చేరిన దినములును కలవు. ఇట్టి సీమనుండి, మంచునకు కారు తలుపులు బిగిసిపోవు సంగతి వ్రాయబూనుట సోదరీమణులకు వింతగా తోచవచ్చును. కాని ఆ సంగతి మాకు తెలిసినది ఈ యెండలోనే, ఆళ్లగడ్డ దాపున.

గడచిన వైశాఖమున మా ఆడుబిడ్డ అమెరికానుండి వచ్చెను. మిన్నెసోటా రాష్ట్రములోని మిన్నియాపొలిస్ నగరమున ఆమె కాపురము. కడపలో దగ్గఱి బంధువుల యింట పెండ్లి యుండుటచే అత్తగారిని, ఆమెను వెంటనిడుకొని మేము దంపతులము కారులో బయలుదేరితిమి. మార్గము సుమారు 200 కిలోమీటర్లు. తుంగభద్రా హంద్రీనదుల కూడలిని, కొండారెడ్డి బురుజును వెనుక విడిచి నంద్యాల చేరునప్పటికే ఎండ ముదిరినది. నంద్యాల 2022 ఏప్రిలులో వేఱు జిల్లా యైనది. ఈ ప్రాంతము నల్లరేగడి భూమి. కోత లైపోయిన చేలు నెఱ్ఱెలు విచ్చి నోరు తెఱచుకొనియున్నవి. తూర్పున నల్లమల నీలిగీతవలె వెంబడించుచుండెను. కర్నూలు కడప కాలువ అక్కడక్కడ అగపడి మఱుగగుచుండెను. పడవలు నడుపుటకును, పొలములకు నీరిచ్చుటకును ఒక యాంగ్లేయ కంపెనీ త్రవ్వించిన యీ కాలువను 1882లో ప్రభుత్వము కొనినదట. మేము చూచునప్పటికి దానిలో నీటికంటె తుమ్మమొక్కలే హెచ్చు.

ఆళ్లగడ్డ శిల్పులకు ప్రసిద్ధి. బాట ప్రక్కనే సగము చెక్కిన వినాయకులు, ముఖ మింకను రాని అమ్మవారులు ఎండలో నిలిచియుందురు. ఉలి చప్పుడు వినుచు అత్తగారు మజ్జిగ త్రాగుదమనిరి. దిగితిమి.

దుకాణము ముందు తెల్లని కారొకటి నిలిచియున్నది. వెనుక సీటులో ఒక అవ్వ, ఆమె యొడిలో నిద్రించు రెండేండ్ల బిడ్డ. కోడలు నీళ్లసీసా కొనుటకు దిగి, అలవాటుచొప్పున చేతిలోని తాళపుచెవి మీట నొక్కి పోయినదట. తిరిగివచ్చి నొక్కగా మీట పలుకలేదు. అందలి బ్యాటరీ అయిపోయినది. పిల్లలు నడిబాటలో తలుపు తీయకుండుటకై వెనుక తలుపులకు వేయు గడియ వేసియుండుటచే అవ్వ లోపలినుండి ఎంత లాగినను రాలేదు. ముందు సీటునకు ప్రాకుటకు ఆమె మోకాళ్లు సాగవు. అద్దములన్నియు మూసియున్నవి.

ఎండలో మూసియుంచిన కారులో పది నిమిషములకే వేడి పది డిగ్రీలు పెరుగును. అద్దము వ్రేలెడు దించినంతమాత్రమున అది తగ్గదు. పసిబిడ్డల యొడలు పెద్దల యొడలికంటె మూడింతలకు పైగా వేగముతో కాగునని వైద్యులు చెప్పుదురు. ఆ కోడలికి ఈ లెక్క లవసరము లేకపోయినవి. బిడ్డ ముఖము కందుట ఆమె కండ్లారా చూచుచున్నది. తలుపు పిడి పట్టుకొని చేయి కాలి విడిచెను. కొంగు చుట్టుకొని మరల లాగెను. మీట లేకున్నను తాళపుచెవితో తెఱచుటకు ముందు తలుపునకు రంధ్రమున్నది గాని, ఏండ్ల తరబడి దాని పని పడమిచే దుమ్ము గట్టిపడి చెవి సగములోనే నిలిచినది.

"బలవంతంగా తిప్పొద్దమ్మా, లోపలే విరుగుతుంది," అని మా ఆడుబిడ్డ ముందునకు పోయెను. రంధ్రములోని దుమ్ము నూది, మావారి జేబులోని పెన్సిలు లాగుకొని, దాని మొనను తాళపుచెవి గాడులలో రెండు ప్రక్కల నల్లగా రుద్దెను. ఇంతలో ఒక శిల్పి సుత్తితో వచ్చి, బిడ్డకు దూరముగానున్న ముందటి అద్దముకడ నిలిచెను. "అన్నా, నేను ముప్పై లెక్కపెట్టేలోగా రాకపోతే కొట్టెయ్," అని ఆమె పైకి లెక్కించుచు చెవిని చొప్పించి తీయుచు, చొప్పించి తీయుచు నుండెను. పదునెనిమిది యనునప్పటికి చెవి పూర్తిగా దిగినది. ఇరువదిరెండునకు తిరిగినది.

బిడ్డ చెమటతో ముద్దయైయుండెను. నీడకు గొనిపోయి తడిగుడ్డతో తుడువగా కండ్లు తెఱచి గట్టిగా ఏడ్చెను. ఆ యేడుపు విని నవ్విన వారిలో మేమును ఉన్నాము. దుకాణపు అక్క అవ్వకు మజ్జిగ యిచ్చి పైకము పుచ్చుకొనలేదు. శిల్పి మాటాడక పోయి మరల ఉలి పట్టెను. మావారి చొక్కాజేబులకు పెన్సిలు మరకలని మేము పదునాలుగేండ్లుగా సణుగుచున్నాము; ఇక నా మాట యెత్తము.

చాగలమఱ్ఱి దాటువఱకు ఎవరికిని మాట పెగలలేదు. పిమ్మట అత్తగారు, "ఈ విద్య నీకెవరు నేర్పిరే?" యని కూతురి నడిగిరి. మంచు నేర్పినదని ఆమె నవ్వెను.

ఆ దేశమున శీతకాలమున సున్నకు దిగువ 20, 30 డిగ్రీలవఱకును చలి దిగునట. పగలు కరగిన మంచునీరు తలుపు అంచునగల రబ్బరు పట్టీలోనికి, పిడి సందునకు, తాళపు రంధ్రమునకు జాఱి రాత్రికి గడ్డకట్టును. నీరు గడ్డయైనపుడు నూటికి తొమ్మిదివంతులు ఉబ్బును గనుక బందు మఱింత బిగియును. తెల్లవాఱి పనికి పోవలసినవారు కోపముతో పిడి లాగుదురు. పిడి చేతికి వచ్చును, తలుపు రాదు. తెలిసినవారు లాగరు. తలుపును అఱచేతులతోను భుజముతోను లోపలికి నెట్టుదురు. మంచు పెళుసు గనుక పగులును.

"వేణ్ణీళ్లు పోయరాదా?" యని అత్తగారు. పోసినచో చలికి బిగిసిన అద్దము పగులవచ్చును, పోసిన నీరే క్షణములో మరల గడ్డకట్టును. అందుచే ముందుగానే జాగ్రత్తపడుదురు. చలి రాకముందే రబ్బరు పట్టీలను పొడిగా తుడిచి సిలికాను పూతను పలుచగా పూయుదురు. ఆపై రబ్బరునకు నీరంటదు. కారు కడిగినచో తలుపులను ఆరతుడిచి, ఒకసారి తెఱచి మూయక విడువరు. తాళపు రంధ్రములో గ్రాఫైటు పొడి యూదుదురు. పెన్సిలు ములుకులో నున్నది ఆ గ్రాఫైటే. గడ్డకట్టిన తాళమును విప్పుటకు ఆల్కహాలు చేర్చిన ద్రవమొకటి చిన్న బుడ్డిలో అమ్ముదురట. ఆ బుడ్డిని కారులోనే దాచువారిని చూచి తాము నవ్వుకొందుమని ఆమె చెప్పెను. తలుపు బిగిసినప్పుడు బుడ్డి లోపల, మనము వెలుపల!

మనకు మంచునకు మాఱు దుమ్ము. మన పెద్దలు తలుపు బందులకు కోడియీకతో ఆముదము వేయుదురు. బందులకది మంచిదే. కారు తాళమునకు మాత్రము వలదని మా యభిప్రాయము. నూనె దుమ్మును పట్టి బంకయగును. నెలకొకసారి మీట మాని తాళపుచెవితోనే తలుపు తెఱచి చూచుట, ఏడాదికొకసారి మీటలోని బ్యాటరీ మార్పించుట మేలు. పిల్లలను కూర్చుండబెట్టకముందు బెల్టు లోహపు బిళ్లను చేతితో తాకి చూడవలెను. దాని కాక పిడి కాకకు తీసిపోదు. చెట్టునీడను నమ్మి ఎవరినిగాని కారులో విడువరాదు. నీడ జరుగును, కారు జరుగదు. బిడ్డయో వృద్ధులో లోపల చిక్కి, తాళము వెంటనే రానిచో దూరపుటద్దము పగులగొట్టుటకు వెనుదీయరాదు. అద్దము వెల అంగడిలో తెలియును.

దువ్వూరు, మైదుకూరు గడచి ప్రొద్దు వాలువేళకు కడప చేరితిమి. పెండ్లివారి వసారాలో పఱచిన నల్లని కడపబండలు పగలంతయు త్రాగిన యెండను అప్పుడు క్రక్కుచుండెను. బిందెలతో నీరు చల్లగా బుస్సుమని ఆవిరి లేచినది. అత్తగారు చాప పఱచుకొని, అంతసేపును మనసులో మెదలుచున్న ప్రశ్న నడిగిరి.

"అవునే, ఎండ లేని ఆ యూర ఒడియాలు ఎట్లు ఎండబెట్టుకొందువు?"

"నీవు పంపిన డబ్బా అయిపోయినప్పటినుండి ఒడియాలే లేవమ్మా," యని మా ఆడుబిడ్డ తల్లి ప్రక్కన పండుకొనెను. మఱునాడు తెల్లవాఱకముందే అత్తగారు బూడిదగుమ్మడికాయ కొఱకు అంగడికి మనిషిని పంపిరి.