అన్నగారి ఊపిరి

నిరుడు వానాకాలంలో మా పెద్దన్నగారికి న్యుమోనియా ముదిరి, ఐ.సి.యు.లో వెంటిలేటర్ పెట్టవలసి వచ్చింది. ఏ.ఆర్.డి.ఎస్. అన్నారు. ఊపిరితిత్తులు వాచి, గాలి నిలువవలసిన గదుల్లో నీరు నిండే స్థితి అది. ఆయన రొమ్ము లేచీలేవనట్లు కదలడం చూసి, "గాలి మరికాస్త ఎక్కువ ఇవ్వరాదా?" అని డాక్టరుగారిని నిలదీశాము. ఏళ్ల తరబడి మదరసాలో పాఠం చెప్పిన గొంతు, గట్టిగానే పలికింది.

ఆయన మాకు సి.టి. స్కాన్ చూపారు. రొమ్మువైపు నల్లగా ఉంది. అక్కడ గాలి ఆడుతోంది. వీపువైపంతా తెలుపు, అక్కడ గాలి లేదు. ఇటువంటి చిత్రాలు చూసే ఇటలీ వైద్యుడు గాటినోనీ దీనిని పసిబిడ్డ ఊపిరితిత్తి అన్నాడట. మనిషి పెద్దవాడే, పనిచేసే ఊపిరితిత్తి మాత్రం పసివాడిదంత. ఎక్కువ గాలి కొడితే మిగిలిన ఆ కాస్తా సాగి దెబ్బతింటుంది. 2000లో వెలువడిన ఒక అమెరికా పరిశోధనలో 861 మంది రోగులున్నారు. ఎత్తును బట్టి లెక్కగట్టిన బరువులో కిలోకు 12 మిల్లీలీటర్లు కాక 6 చొప్పున గాలి ఇచ్చినవారిలో మరణాలు సుమారు 40 శాతం నుండి 31కి తగ్గాయి. మేము అడిగినదేమిటో అప్పుడు తెలిసింది.

తరువాత ఆయనే మరో మాట చెప్పారు. మొదటి రెండు రోజులు ఎక్స్‌రే చూసి జబ్బు అంతటా పరచుకున్నదనుకొని, ఊపిరి వదిలాక కూడా లోపల నిలిపే ఒత్తిడిని పెంచారట. రక్తపోటు పడిపోయింది. స్కాన్‌లో జబ్బు వీపువైపే ఉన్నదని తేలాక ఒత్తిడి తగ్గించి, రోజుకు 16 గంటలు బోర్లా పడుకోబెట్టారు. "మేమే పొరబడ్డాము" అన్నారు.

మాకు మండిపోయింది. రెండు రోజులు! ఫ్రాన్సులో 420 మందిపై జరిగి 2019లో వెలువడిన పరిశోధన సంగతి కూడా ఆయనే చెప్పారు. చిత్రాన్ని బట్టి మెషీన్‌ను అమర్చినా, మొత్తం మీద మరణాలు తగ్గలేదు. ఐదుగురిలో ఒకరి చిత్రాన్ని తప్పుగా చదివారు. అలా తప్పు లెక్కతో గాలి అందినవారిలో మరణాలు ఎక్కువయ్యాయి. హిఫ్జ్ పిల్లవాడి శక్తిని తప్పుగా అంచనా వేసి పెద్ద సబఖ్ ఇస్తే, ఉన్న పాఠమూ పోగొట్టుకుంటాడు. అటువంటి పొరపాటు మేమూ చేశాము. ఏ తండ్రికీ చెప్పలేదు.

అల్లాహ్ దయవల్ల అన్నగారు ఇల్లు చేరారు. ఫజ్ర్ తరువాత ఖుర్ఆన్ చదువుతూ, మునుపు ఒక్క ఊపిరిలో ముగించే ఆయత్ మధ్యలో ఆగుతారు. మేము ముసహఫ్‌పై వేలు అక్కడే ఉంచి కూర్చుంటాము.