అమ్మకో పదంగుళాల తెర

మన పెద్దవాళ్ళు ఇండియానుంచి వచ్చినప్పుడు మనం వాళ్ళకి లోటు రానివ్వం. నయాగరా చూపిస్తాం, గుడికి తీసుకెళతాం, శనివారాలు స్నేహితుల ఇళ్ళకి భోజనాలకి తిప్పుతాం. వచ్చిన చిక్కల్లా సోమవారంతోనే. మనం ఆఫీసుకీ, పిల్లలు బడికీ వెళ్ళిపోయాక ఇంత ఇంట్లో వాళ్ళొక్కరే మిగులుతారు. కారు నడపలేరు. టీవీలో మాటలు అర్థం కావు. మధ్యాహ్నం దాటిందంటే ఇండియాలో ఫోను ఎత్తేవాళ్ళు కూడా నిద్రపోతూ ఉంటారు.

నాన్నగారు పోయాక మా అమ్మ 2010 ఆగస్టులో మిషిగన్‌లో మా ఇంటికి వచ్చింది. దసరా దాటేసరికి చలి మొదలైంది, పెరట్లో నడక కూడా ఆగిపోయింది. అమ్మ నోరు తెరిచి ఏమీ అనలేదు గాని, మేము సాయంత్రం వచ్చేసరికి కిటికీ దగ్గర కుర్చీలో అలాగే కూర్చుని ఉండేది.

అప్పట్లో మా ఇంట్లో ఒక నెట్‌బుక్ ఉండేది. ఈ మాట ఇప్పటి పిల్లలకి తెలియకపోవచ్చు. 2007లో ఏసుస్ కంపెనీ ‘ఈ పీసీ’ అనే ఏడంగుళాల తెర ఉన్న బుల్లి కంప్యూటరుని లీనక్స్ పెట్టి అమ్మింది. మరుసటి ఏడు ఇంటెల్ వారి ఏటమ్ చిప్పు రావడంతో పదంగుళాలవి దుకాణాల నిండా వచ్చాయి. మాదీ అలాంటిదే. తెరమీద అడ్డంగా 1024 చుక్కలు, నిలువుగా 600. మెమరీ ఒక గిగాబైటు.

లెక్క చూడండి. అడ్డం కావలసినంత ఉంది, నిలువే తక్కువ. మామూలు పద్ధతిలో పైన విండో పేరు, దానికింద మెనూ, దానికింద బొత్తాల వరస, అట్టడుగున ఇంకో పట్టీ. ఇవన్నీ పోగా చదువుకోవడానికి మిగిలేది తక్కువ. ఇంగ్లీషుకి ఎలాగో సరిపెట్టుకోవచ్చు. మన తెలుగు అలా కాదు. పైన గుడి, కింద వత్తు ఉండాలి. ‘స్త్రీ’ అనే ఒక్క అక్షరమే రెండంతస్తుల మేడ. అక్షరాలు చిన్నవి చేస్తే అరవై దాటిన కళ్ళకి వత్తులు ఆనవు, పెద్దవి చేస్తే పేజీకి నాలుగు పంక్తులు కూడా పట్టవు.

ఆ సమయంలోనే, 2010 అక్టోబరు 10న, ఉబుంటు లీనక్స్ కొత్త విడుదల వచ్చింది. అందులో నెట్‌బుక్కుల కోసం ‘యూనిటీ’ అనే కొత్త రూపం పెట్టారు. నా ఉద్యోగం కార్ల విడిభాగాలతో. లీనక్స్ నాకు సరదా మాత్రమే. ఒక పెన్ డ్రైవులోకి దించి దాంతోనే కంప్యూటరు నడిపి చూశాను. నచ్చకపోతే పెన్ డ్రైవు తీసేస్తే పాతది పాతట్టే ఉంటుంది. ఇలా రుచి చూసి పుచ్చుకునే సదుపాయం లీనక్స్‌లో నాకు నచ్చిన గుణం.

దాన్ని తయారుచేసినవాళ్ళు నేను పైన చెప్పిన లెక్కే వేసినట్టుంది. కింద ఉండే పట్టీని తీసి ఎడమ అంచున నిలువుగా నిలబెట్టారు. ఎలాగూ వెడల్పు మిగులుతోంది కదా! మెనూని పైనున్న ఒక్క సన్నటి పట్టీలోకి ఎక్కించారు. ఎడమ పక్కన బొమ్మలు ఎక్కువైతే చివరివి విసనకర్రలా ముడుచుకుంటాయి. మూలనున్న గుర్తు నొక్కితే ఇంటర్నెట్టు, ఫోటోలు, పాటలు, ఉత్తరాలు అన్నీ పెద్ద పెద్ద బొమ్మలుగా కనబడతాయి.

లోపాలు లేవని కాదు. ఆ చిన్న చిప్పుకి అది బరువే. బొమ్మ నొక్కాక ఒకటి, రెండు, మూడు లెక్కపెట్టాలి. మా ఆవిడ చూసి, “అత్తయ్యగారికి ఎందుకండీ ఈ తంటా?” అంది. అమ్మ మాత్రం, “పాలు కాగడానికి ఆగమూ? ఇదీ అంతే” అంది.

బొమ్మల పట్టీలో నాలుగే ఉంచాను. ఒకటి తెలుగు వికీపీడియా. రెండోది హైదరాబాదులో ఉన్న పిన్నితో మాట్లాడడానికి, 2025లో మూతపడిన స్కైప్. మూడోది ఫోటోలు, నాలుగోది ఉత్తరాలు. తెలుగు రాయడానికి ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు పెట్టి, మా అమ్మాయి చేత చిన్న చిన్న కాగితం ముక్కల మీద అక్షరాలు రాయించి మీటలకి అంటించాను. అందులో అచ్చులూ గుణింతాలూ ఎడమ చేతివైపు, హల్లులు చాలామటుకు కుడివైపు ఉంటాయి. ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసే మనకి అది కొత్త గాని, పలక మీద గుణింతం దిద్దినవాళ్ళకి కాదు. క పక్కన దీర్ఘం నొక్కితే కా. అమ్మకి వారం పట్టింది.

నేను హాస్టల్లో ఉన్న రోజుల్లో ఇంటినుంచి ఇన్‌లాండు కవర్లు వచ్చేవి. రాసేది నాన్నగారే. అడుగున మిగిలిన జాగాలో అమ్మ రెండు ముక్కలు ఇరికించేది. అమ్మ ఒక్కతే రాసిన ఉత్తరం నాకెప్పుడూ రాలేదు. నవంబరులో ఒక మధ్యాహ్నం ఆఫీసులో మీటింగు ముగించుకుని వచ్చి చూస్తే తెలుగులో ఒక ఉత్తరం ఉంది. “నాయనా, మజ్జిగ డబ్బా బల్లమీదే మర్చిపోయావు. ఏం తిన్నావు?” అని మొదలై, పిన్ని కబుర్లూ, కిటికీలోంచి కనబడ్డ ఉడుత సంగతీ, నాన్నగారి సంవత్సరీకానికి ఎవరెవరిని పిలవాలో, అన్నీ ఉన్నాయి. జాగా చాలక ఆపేసిన ఉత్తరం కాదది. చెప్పాలనుకున్నదంతా చెప్పిన ఉత్తరం.

జనవరిలో తిరిగి వెళ్ళేటప్పుడు ఆ కంప్యూటరుని చేతిసంచీలో పెట్టుకుని వెళ్ళింది. “ఒకళ్ళని అడక్కుండా నా పని నేను చేసుకోగలిగితే చాలురా” అంది.

ఆ తరవాతి కథ మీలో కొందరికి తెలిసే ఉంటుంది. 2011 ఏప్రిల్లో అదే యూనిటీని పెద్ద కంప్యూటర్లకి కూడా మామూలు రూపం చేశారు. పెద్ద తెరలున్నవాళ్ళలో చాలామంది గోల పెట్టారు. ఇరుకింటికి చేసిన సర్దుబాటు మేడలో ఉండేవాళ్ళకి ఎందుకు రుచిస్తుంది? 2017లో దాన్ని మానుకుంటున్నామని ఉబుంటు వారే ప్రకటించారు. అప్పటికి నెట్‌బుక్కులే దుకాణాల్లోంచి మాయమయ్యాయి. ఇప్పుడు అమ్మ చేతిలో ఫోను ఉంది, నోటితో చెబితే తెలుగులో రాసిపెడుతుంది.

వస్తువులు మారతాయి. మారనిది ఆ సోమవారం మధ్యాహ్నమే. ఈ ఏడు మీ ఇంటికి అమ్మగారో, మామగారో వస్తుంటే, వాళ్ళకిచ్చే ఫోనో టాబ్లెటో ముందు మీరు ఒక గంట కూర్చుని సర్దండి. వాళ్ళకి అక్కర్లేనివన్నీ తీసేయండి. కావలసిన నాలుగూ ఎదురుగా ఉంచండి. అక్షరం పెద్దది చేసి, తెలుగు పెట్టండి. ఆ తరవాత పక్కన నిలబడి మీరే నొక్కేయకండి. వాళ్ళనే నొక్కనివ్వండి.