మూలమట్టం
తెలకపల్లిల మా వాడోళ్లకు వడ్రంగం నేర్పినోళ్లు లేరు. 1991ల, అంబేద్కర్ శతజయంతి ఏడు, రాత్రిబడికి గుడిసె లేపుదామనుకున్నం. పిలిస్తే వడ్రంగి మా వాడకు రానన్నడు.

పెద్దనాయిన ముందుకొచ్చిండు. 1955ల పునాదిరాయి పడ్డ నాగార్జునసాగర్ కాడ రాళ్లు మోసిన పాలమూరు కూలి. 3, 4, 5 మూరలకు తాడు ముడేసి గుంజి మూలమట్టం తీసిండు. బడిల మేం బట్టీపట్టిన పైథాగరస్ లెక్క అదే!

"యాడ నేర్చినవ్ పెద్దనాయినా?"

"మేస్త్రీ చేతులు చూసి, బిడ్డా."

నిట్టాడు పాతినం, దూలం ఎక్కించినం, వాసాలు కట్టినం. మాకు ఉలి పట్టుడొచ్చింది. ఆ గుడిసెలనే ఆయన సంతకం నేర్చిండు. ఎవరికెవరు పంతులు?

డ్యాములు కట్టిన చేతులకు విద్య లేదన్నదెవరు? లేనిది విద్య కాదు, నేర్చుకునే జాగ. ఆ జాగనే మేం కట్టుకున్నం.