చలిమిడి ఎవరు పెట్టాలి?

గత నెలలో మా చెల్లెలి సీమంతం రాయదుర్గంలో, వాళ్ళుంటున్న అపార్టుమెంటు కింది హాలులో జరిగింది. ‘థీము’ చుక్కలూ చందమామా అని, పిండివంటలన్నీ దానికి తగ్గట్టుండాలని వారం ముందే కబురు పంపింది. తెలుగు పాఠం చెప్పుకుని బతికే నాకు ఆ మాట వినగానే నవ్వొచ్చింది. సీమంతానికి థీమేమిటి? పసుపూ కుంకుమా గాజులూ చలిమిడీ చాలవా? అలా అనుకున్నప్పుడు, సంప్రదాయాన్ని నేనేదో కాపాడుతున్నానన్న గర్వం కూడా నాలో కొంత ఉన్నదని ఒప్పుకోవాలి. ఆ గర్వం సాయంత్రానికి ఏమైందో చెప్పడానికే ఈ నాలుగు మాటలు.

రాయదుర్గం బండరాళ్ళ గుట్టల ప్రాంతం. 1998లో దీనికి దగ్గరలో సైబర్ టవర్స్ తెరిచారు. 2019 నవంబరులో మెట్రో రైలు ఇక్కడిదాకా వచ్చి ఆగింది. ఈ మధ్యకాలంలో గుట్టలు పగిలి అద్దాల మేడలు లేచాయి. ఇక్కడ కాపురముంటున్న వారిలో చాలామంది ఎక్కడెక్కడినుంచో ఉద్యోగానికి వచ్చినవారే. పేరంటానికి పిలుద్దామంటే వీధి లేదు, ఆఫీసు ఉన్నది. కనుక మా చెల్లెలికి పేరంటాళ్ళు ఆఫీసునుంచే వచ్చారు. తెల్లవార్లూ కూచుని పిండి దంచే తీరిక వాళ్ళలో ఎవరికీ లేదు. వాళ్ళకు కావలసింది గంటలో అయ్యేది, చేతికి అంటనిది, చూపుకు ముచ్చటైనది.

నిజం చెప్పాలంటే వాళ్ళు చేసినవి నేననుకున్నంత పేలవంగా లేవు. రొట్టెముక్కల మధ్య కొత్తిమీర పచ్చడి రాసి, రేకు అచ్చుతో చుక్కల్లాగా కోశారు. చిన్న ఇడ్లీలను సగానికి కోసి అర్ధచంద్రులన్నారు. మరమరాల మిక్చరును కాగితపు పొట్లాలలో పోశారు. శంఖపుష్పాలను వేడినీళ్ళలో వేస్తే నీళ్ళు నీలంగా దిగుతాయి. వాటిలో నిమ్మకాయ పిండితే రంగు ఊదాకు తిరుగుతుంది. ఆ షర్బతు అతిథులకు మాత్రమే. చెల్లెలికి మజ్జిగ ఇచ్చారు. “నీలం మగపిల్లాడికీ గులాబి ఆడపిల్లకీ అనేవాళ్ళకు ఇదే నా జవాబక్కా, రెండూ ఒకే పువ్వులోవి” అన్నది చెల్లెలు. కడుపులోని బిడ్డ ఆడో మగో పరీక్ష చేసి చెప్పడం 1994 నాటి చట్టం ప్రకారం నేరం. అంచేత రంగుతో రహస్యం విప్పే విదేశపు వేడుక మన దగ్గర కుదరదు. కుదరకపోవడం మంచిదే.

ఇక చలిమిడి మా అమ్మది. బియ్యం రాత్రి నానబోసి, తెల్లవారి వడగట్టి, తడి ఆరకముందే పిండి పట్టి జల్లించాలి. బెల్లం ఉండపాకం రాగానే పిండి పోసి, నెయ్యీ కొబ్బరిముక్కలూ గసగసాలూ ఏలకులపొడీ వేసి కలియబెట్టాలి. పాకం ముదిరితే రాయి, లేతైతే జావ. కరీంనగర్ నుంచి వచ్చిన చెల్లెలి అత్తగారు సకినాలు తెచ్చింది. బియ్యప్పిండిలో నువ్వులూ వామూ కలిపి, గుడ్డమీద చేత్తో చుట్లు చుట్లుగా తిప్పి, కాస్త ఆరనిచ్చి నూనెలో వేయించేవి. వందల సకినాలు తిప్పడం ఒక్క చేతి పని కాదు. ఇంతమంది చేతులు పడ్డ వంట వడ్డించే వేళకు, ఏ చెయ్యి వడ్డించాలన్న ప్రశ్న వస్తుంది. నా కథ అక్కడే మొదలు.

2018లో నా సీమంతానికి చలిమిడి చేసింది మా పెద్దమ్మ. చిన్నతనంలోనే భర్తను పోగొట్టుకున్న మనిషి. చలిమిడి వెండిపళ్ళెంలో సర్ది మా అమ్మ చేతికిచ్చి వంటింట్లోకి వెళ్ళిపోయింది. తిరిగి ఇవతలికి రాలేదు. నేను కుర్చీలో గాజులు వేయించుకుంటూ కూచున్నాను. ఆ వారమే తరగతిలో కందుకూరి వీరేశలింగంగారి పాఠం చెప్పాను. రాజమహేంద్రవరంలో మొదటి వితంతు వివాహం జరిగిన 1881 డిసెంబరు 11వ తేదీని పిల్లలచేత వల్లె వేయించాను కూడా. పెద్దమ్మ ఎక్కడున్నదని మాత్రం అడగలేదు. అడగాలని తోచనే లేదు.

ఈ పద్ధతి నిన్నమొన్నటిది కాదు. ఆశ్వలాయన గృహ్యసూత్రంలో సీమంతోన్నయనం ఉన్నది. మూడు తెల్లమచ్చలున్న ఏదుపందిముల్లూ పచ్చి మేడికాయల గుత్తీ దర్భలూ పట్టుకుని భర్త ఇల్లాలి పాపట తీయాలి. ఆ మీదట, భర్తా బిడ్డలూ బతికి ఉన్న వృద్ధ బ్రాహ్మణ స్త్రీలు ఏది చెబితే అది చేయాలి. పాపట తీయడం, ముల్లు, మేడికాయలు చాలా ఇళ్ళలో ఎప్పుడో పోయాయి. మిగిలినవాటిలో గట్టిగా మిగిలింది ఆ ‘భర్త బతికి ఉన్న’ అన్న షరతు. సంప్రదాయంలో ఏది ఊడుతుందో ఏది నిలుస్తుందో చూస్తే, దానివల్ల సుఖపడేది ఎవరో కొంత తెలుస్తుంది.

2021లో మా నాన్నగారు పోయారు. ఈసారి వంటింటి వాకిట్లో ఆగిపోయింది మా అమ్మ. హాలు పక్కనున్న చిన్న వంటగదిలో నిలబడి, చలిమిడిపళ్ళెం నా చేతికిచ్చి, “నువ్వు పెట్టు పెద్దదానా, నేనిక్కడుంటాను” అన్నది. నేను పళ్ళెం అందుకున్నాను. ఇదీ నేను దాచకూడని సంగతి. ఇంత చదివీ నేను అందుకున్నాను.

అడ్డుపడ్డది ఆఫీసు పిల్లలు. వాళ్ళకు ఈ నియమం తెలియదు. చలిమిడిని కూడా రేకు అచ్చులో చుక్కల్లాగా అద్దుదామని వంటగదిలోకి వచ్చి, “ఆంటీ, ఇది మీరు చేశారటగా! మీరు పెట్టకుండా మేమెలా పెడతాం?” అని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చారు. హాలు ఒక్కక్షణం నిశ్శబ్దమైంది. చెల్లెలి అత్తగారు తలవంచుకుని గాజులు లెక్కపెడుతున్నది. చెల్లెలు నోరు తెరిచింది. అమ్మ వణుకుతున్న చేత్తో చలిమిడి చుక్క ఆ నోట్లో పెట్టింది. పిల్లలు చప్పట్లు కొట్టి ఫోటోలు తీశారు. బంధువులలో ఒక పెద్దావిడ శనగల వాయనం పుచ్చుకోకుండానే వెళ్ళిపోయింది. అత్తగారు ఔననీ అనలేదు, కాదనీ అనలేదు.

ఆ పిల్లలు సంఘసంస్కర్తలు కారు. తెలిసి ఉంటే ఏం చేసేవారో నేను చెప్పలేను. కాని నా తెలుగు ఎమ్మే చేయలేని పనిని, నేను నవ్విన వాళ్ళ రేకు అచ్చు చేసింది.

ఆ రాత్రి అమ్మకు నిద్రపట్టలేదు. “దానికి ఏదన్నా అయితే నా చెయ్యి తగిలిందనే అంటారమ్మా” అన్నది. ఆ భయాన్ని తేలికగా తీసిపారెయ్యడానికి లేదు. కాన్పు నిజంగానే ప్రమాదాలున్న పని. అయితే ఆ ప్రమాదాలు అమ్మ చేతిలో లేవు. గర్భిణి రక్తంలో హిమోగ్లోబిన్ 11 గ్రాములకు తగ్గితే రక్తహీనత అంటారు. మా చెల్లెలికి ఏడో నెలలో 9.8 ఉన్నది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, తెలంగాణలో గర్భిణులలో నూటికి 53 మందికి ఈ లోపం ఉన్నట్టు తేలింది. వాళ్ళలో పెద్ద జీతాలవాళ్ళూ ఉన్నారు, కూలివాళ్ళూ ఉన్నారు. చలిమిడిలోని బెల్లం ఒక్కటే దాన్ని పూడ్చలేదు. ఇనుము మాత్ర వేసుకోవాలి. నిమ్మరసం దాన్ని ఒంటికి పట్టనిస్తుంది, వెంటనే తాగిన టీ పట్టనివ్వదు. ఇదంతా అమ్మకు చెప్పాను. విన్నది. మర్నాటినుంచి రోజూ ఉదయం ఫోను చేసి “మాత్ర వేసుకుందా?” అని అడుగుతున్నది. భయం పోయిందని నేననను.

చెల్లెలికి ఇంకా నెల్లాళ్ళున్నది. కాన్పు అయినాక ఈ వ్యాసం రాయవచ్చును గదా అన్నాడు ఒక మిత్రుడు. కావాలనే ముందు రాస్తున్నాను. క్షేమంగా అయినాక రాస్తే, చూశారా ఏమీ కాలేదు, అమ్మ చెయ్యి మంచిదే అని రుజువు చూపించినట్టవుతుంది. కన్నబిడ్డ నోట్లో చలిమిడి పెట్టడానికి మా అమ్మకు అలాంటి రుజువు అక్కరలేదు. మా పెద్దమ్మకూ అక్కరలేకపోయింది. ఆ సంగతి ఆమె ఉన్నప్పుడు నేను చెప్పలేదు.