బొమ్మల సేనలు

గృహిణి సేనలను గూర్చి వ్రాయుటయేమని నవ్వకుడు. నేను చెప్పబోవు యుద్ధములన్నియు మా భోజనపుబల్ల మీదనే జరిగినవి.

మా తమ్ముడు ఇంగ్లండులో నుద్యోగము చేయుచున్నాడు. గడచిన వేసవిలో వచ్చినపుడు మా అబ్బాయికై ఒక పెట్టెలో రెండు బొమ్మల సేనలను తెచ్చెను. ఒక్కొక్క సైనికుడు బొటనవ్రేలి గోరంత. రంగులు వేయని లోహపు బొమ్మలు. పదియవ తరగతి పరీక్షలు ముగిసి ఖాళీగా నున్న మావాడు వారము దినములు కూర్చుండి, సన్నని కుంచెతో వానికి కవచములను, మీసములను గూడ దిద్దెను. 1990లో ఫిల్ బార్కరు మొదలగువారు ఇంగ్లండున వెలువరించిన ‘డి బెల్లిస్ ఆంటిక్విటాటిస్’ అను చిన్న నియమగ్రంథము ననుసరించి ఆడెడి ఆట యిది. ఆ లాటిను మాటలకు ప్రాచీనయుద్ధములను గూర్చి యని యర్థము. ఒక్కొక్క సేనకు పండ్రెండే దళములు. శత్రువుకంటె ముందుగా నాలుగు దళములను పోగొట్టుకొన్నవా డోడినట్లు. రెండడుగుల చదరపు గుడ్డ చాలును, గంటలో ముగియును. అందువలననే రాత్రి వంటిల్లు సర్దుకొనిన పిమ్మట నేనును కూర్చుండగలిగితిని.

తమ్ముడు రెంటిలో నొకటి మావానికిచ్చి, రెండవది మఱొక మిత్రుని కుమారునికి కానుకగా నిచ్చుటకు నిశ్చయించెను. ఏది కావలెనో కోరుకొమ్మనెను. చిక్కంతయు నక్కడనే వచ్చినది. మొదటిది అలెగ్జాండరు సేన: పొడవైన యీటెల పదాతులు, బరువు గుఱ్ఱములు, తేలిక పదాతులు, విసరువాండ్రు, అన్నియు కొంచెము కొంచెము. రెండవది హూణుల సేన: ఇంచుమించుగా అన్నియు తేలిక గుఱ్ఱములే. వారికిని వీరికిని ఏడువందల యేండ్ల యెడమున్నను, బల్లమీద కాలభేదము లేదు.

నాకు సందేహమే లేకుండెను. నా చిన్నతనమున మా నాన్నగారు అమరము వల్లింపించిరి. అందు పత్తి యనగా నొక యేనుగు, ఒక రథము, మూడు గుఱ్ఱములు, ఐదుగురు పదాతులు. అంత చిన్న గుంపునందును నాలుగంగములు నుండవలె నన్నమాట. దాని హెచ్చవేతలే అక్షౌహిణి వఱకు పోవును. అందు 21,870 ఏనుగులు, అన్నియే రథములు. కావున సర్వాంగములు గలదే సేన యనియు, అలెగ్జాండరునే యుంచుకొమ్మనియు చెప్పితిని.

మావారు తలయూపలేదు. “ఒక్కదానినే గట్టిగా పట్టుకొన్నవాడే యీ కాలమున నెగ్గును” అనిరి. ఆ మాట బొమ్మలను గూర్చి కాదని నేనెఱుగుదును. జూన్‌లో పిల్లవానిని దూరపు పట్టణమందలి వసతి కళాశాలకు పంపుటకు రుసుము కట్టివచ్చిరి. అచ్చట ప్రవేశపరీక్ష కొఱకు రెండేండ్లు మూడు శాస్త్రములే ప్రాణము. పద్యములును కుంచెయు ఇంటనే యుండవలెను. నాకిష్టములేదు; అయినను నోరు విప్పి చెప్పలేదు.

ఈ యాటలో ప్రతి దళమునకును రెండంకెలు గలవు. రోమనుల ఖడ్గపదాతికి కాలిబంటుల మీద 5, గుఱ్ఱముల మీద 3. విలుకాండ్రకు కాలిబంటుల మీద 2, గుఱ్ఱముల మీద 4. సామాన్యపు గుఱ్ఱపుదళమునకు ఎవరిమీద నైనను 3. ఈ మూడవదానిని చూచినప్పుడు నాకు మన యిల్లాండ్రు జ్ఞప్తికి వచ్చిరి; దేనికైనను పనికివత్తురు, దేనియందును బహుమానము రాదు. హూణుల తేలిక గుఱ్ఱమునకు 2 మాత్రమే. దాని బలమంతయు వేగమునందున్నది.

నా యలెగ్జాండరుతో మావాని హూణులు తలపడిరి. మూడు రాత్రులు వరుసగా నేనోడితిని. కారణము నాలుగవ రాత్రి గాని తెలియలేదు. ప్రతి వంతునందును పాచిక వేయవలెను. ఎంత పడిన అన్ని యాజ్ఞలే. ఒక్కరీతి దళములు ఒక్క వరుసగా నిలిచి, ఒక్క యాజ్ఞతో కదలును. నా సేననో, యీటెలవారు మెల్లగా, గుఱ్ఱములు త్వరగా, విసరువాండ్రు మఱొక దిక్కుగా నడువవలెను. అందఱకును వేఱువేఱుగా చెప్పవలెను. పాచిక రెండు పడినపుడు ఎవరికి చెప్పుదును? అన్నియు నున్న సేనకు ఆకలి హెచ్చు. పత్తిని వల్లించినపుడు ఈ సంగతి నాకు తట్టలేదు.

అటుపై మా తమ్ముడు మావానితో నాడెను. ఆట మొదట పాచికను, ఆ సేన దూకుడునకు గల యంకెను గూడి తక్కువ వచ్చినవాడు రక్షకుడు. నేల పఱచుట వాని వంతు. తమ్ముడు రక్షకుడై గుడ్డమీద అడవులను, కొండలను దట్టముగా పెట్టెను. చెట్లలో గుఱ్ఱములకు బలము తగ్గును. నిన్నటి వఱకు గాలివలె తిరిగిన హూణులకు తిరుగుటకు చోటే లేకపోయెను. అరగంటలో ముగిసెను. పిల్లవాడు పాచికను విసరి లేచిపోయెను.

“చూచితివా” అని మఱునాడు నేనన్నపుడు, వాడు పుస్తకము తెచ్చి చదివెను. క్రీ. పూ. 326లో వితస్తానదీ తీరమున అలెగ్జాండరు నెదిరించిన పోరసు సేనయందు నాలుగంగములు నుండెను. వానలకు నేల బురదయై రథములు దిగబడెననియు, గాయపడిన యేనుగులు స్వజనమునే త్రొక్కెననియు గ్రీకులు వ్రాసిరి. “అన్నియు నున్నను అంతే గదా అమ్మా” అనెను. నాకు బదులు తోచలేదు. వాడు హూణులనే కోరుకొనెను.

ఆ రాత్రి మావారితో ధైర్యము చేసి యంటిని: “ఏమండీ, ఒకే బలము గలవాడు విశాలమగు నేలమీద నెగ్గునన్నమాట నిజమే. మీరు పంపుచోట నేల పఱచువా రెవరు? మనవాడు కాడు గదా.” ఆయన చాలసేపు పలుకలేదు. తుదకు “రుసుము కట్టితిని” అనిరి. నేను దీపమార్పితిని.

పిల్లవాడు జూన్‌లో వెళ్లెను. బొమ్మలను వెంట గొనిపోవ వీలులేదనిరి. ఆదివారము పది నిమిషములు ఫోనున మాటాడును. అన్నము గూర్చి చెప్పును, చదువును గూర్చి చెప్పడు.

పోయిన ఆదివారము ఫోను పెట్టిన తరువాత మావారు పాత నోటుపుస్తకముల యట్టలు కత్తిరించి, పండ్రెండు ముక్కలమీద నల్లసిరాతో ‘ఈటె’, ‘గుఱ్ఱము’, ‘విసరువాడు’ అని గుండ్రని యక్షరములతో వ్రాసికొనిరి. హూణుల పెట్టెను నాకిచ్చి, గుడ్డను చేతబెట్టి, “నేల నీవు పఱువు” మనిరి.